తొలి రైఫిల్‌కే ఒలింపిక్ ధరా?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల్లోకి కొత్తగా వచ్చేవారి చెవిన ముందుగా పడే సలహా ఒకటే: కొనేదేదో మొదటే అసలైనది కొనెయ్యాలి. అసలైనదంటే వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్ వంటి జర్మన్ కంపెనీల పై తరగతి రైఫిల్, అదీ అల్యూమినియం స్టాక్‌తో, సకల హంగులతో. హైదరాబాద్‌లోనైనా పుణెలోనైనా ఢిల్లీలోనైనా ఏ రేంజ్‌లో అడిగినా ఈ మాటే వినిపిస్తుంది. చెప్పేవాళ్లంతా అమ్మకందార్లు కారు. వాళ్లలో కోచ్‌లుంటారు, పతకాలు తెచ్చుకున్న షూటర్లుంటారు, లక్షలు పోసి కొన్న తల్లిదండ్రులుంటారు. అందుకే ఈ సలహాకు అంత పరపతి.

వాళ్ల వాదన ఇది. పోటీలో మార్కులు దశాంశాల్లో వేస్తారు. పదో వంతు పాయింటుకు ఫైనల్ బెర్తు చేజారుతుంది. అలాంటి ఆటలో ఆయుధం దగ్గర రాజీ పడటమంటే ఓటమిని ముందే ఒప్పుకోవడం. తక్కువ రకం కొంటే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కొనాల్సిందే, ఖర్చు రెండింతలు. పెద్ద రైఫిల్‌లో ప్రతి భాగాన్నీ జరుపుకోవచ్చు కనుక పిల్లలు ఎదిగినా పనికొస్తుంది. మానేస్తే మంచి ధరకే అమ్ముడుపోతుంది. ఛాంపియన్లంతా వాడేది అదే. పైగా దిగుమతి సరుకు మన దేశంలో కావాలనుకున్న రోజున దొరకదు, దొరికినప్పుడే తీసుకోవాలి.

ఒక్కో వాక్యాన్నీ విడిగా చూస్తే సబబుగానే తోస్తుంది. అన్నీ కలిపి చూస్తే తేలేదేమిటంటే, ఈ మాటలన్నీ 654కు 625 దాటి కొడుతున్న షూటర్‌కు వర్తిస్తాయి. గీత మీద ఇంకా నిలకడగా నిలబడటం రాని పన్నెండేళ్ల పిల్లకు వీటిలో ఒక్కటీ సరిగా అతకదు.

ఒకటి: మంచి రైఫిల్‌తో మంచి స్కోరు వస్తుందన్న మాట

ఇది లెక్కతో తేలే విషయం, అయినా దీన్ని లెక్కించే వారు అరుదు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం నడుమ ఉండే పది చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే 10.0. అంటే పెల్లెట్ కేంద్రం లక్ష్య కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే పది వచ్చినట్టే. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకూ పదో వంతు పాయింటు పెరుగుతుంది. పావు మిల్లీమీటరులోపు పడితే 10.9. బయటికి పోయినా లెక్క అదే: 5 మిల్లీమీటర్ల దూరంలో తొమ్మిది. అరవై షాట్లకు గరిష్ఠం 654.

ఇప్పుడు 560 కొడుతున్న షూటర్‌ను తీసుకుంటే సగటు షాట్ 9.3 చుట్టూ ఉంటుంది. అంటే పెల్లెట్లు కేంద్రం నుంచి సగటున 4.2 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయి. బిగించి పేల్చినప్పుడు మంచి మ్యాచ్ రైఫిల్ పెల్లెట్లన్నిటినీ దాదాపు ఒకే రంధ్రంలోకి పంపుతుంది. దాని సొంత చెదురు సగటున అర మిల్లీమీటరని ఉదారంగానే ఒప్పుకుందాం. మనిషి తప్పు, రైఫిల్ తప్పు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏ దిక్కుకైనా పోతాయి. అలాంటి తప్పులు నేరుగా కూడవు. వాటి వర్గాలను కూడి వర్గమూలం తియ్యాలి. 4.2కు అర మిల్లీమీటరు చెదురు కలిస్తే మొత్తం 4.23 అవుతుంది. తేడా మిల్లీమీటరులో వందకు మూడు వంతులు. అరవై షాట్ల మీద అది ఒక పాయింటైనా కాదు. చెదురే లేని రైఫిల్‌ను ఎవరైనా తయారు చేసి ఇచ్చినా ఆ షూటర్ 560 నుంచి 561కి చేరడం కష్టం. చెదురు దీనికి రెట్టింపు ఉన్న, బాగా నలిగిన పాత మ్యాచ్ రైఫిల్‌తో కొట్టినా పోయేది మూడు పాయింట్ల లోపే. శ్వాస ఆగే చోటు ఒకటి సరిచేసుకుంటే ఆ మూడూ వారంలో తిరిగొస్తాయి.

ఇదే లెక్కను 630 కొట్టే షూటర్‌కు వర్తింపజేస్తే ఫలితం తిరగబడుతుంది. అక్కడ సగటు 10.5, దూరం ఒకటింపావు మిల్లీమీటరు. ఆ చిన్న దూరంలో రైఫిల్ చెదురు అర మిల్లీమీటరైతే అరవై షాట్లకు రెండున్నర పాయింట్లు పోతాయి. ఆ స్థాయిలో రెండున్నర పాయింట్లంటే ఫైనల్‌కూ ఇంటికీ ఉన్నంత దూరం. కనుక ఖరీదైన రైఫిల్‌కు విలువ లేదని ఎవరూ అనరు. ఆ విలువ ఎవరి చేతిలో బయటపడుతుందన్నదే ప్రశ్న. ప్రచారంలో ఉన్న సలహా సరిగ్గా ఈ ప్రశ్ననే దాటవేస్తుంది.

అగ్రస్థాయిలో సైతం రైఫిల్ కన్నా మనిషి వాటాయే ఎక్కువనడానికి 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్ చాలు. చివరి షాట్‌కు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్‌కు చెందిన హెన్రీ హక్కినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టి మొత్తం 700.5తో స్వర్ణం గెలిచాడు. హక్కినెన్ 9.7 కొట్టి కాంస్యానికి దిగిపోయాడు. ఆ రెండు పెల్లెట్ల దూరాల మధ్య తేడా రెండున్నర మిల్లీమీటర్లకు పైనే. ఒలింపిక్ ఫైనల్‌కు వచ్చిన ఏ రైఫిల్ కూడా తనంతట తానుగా అంత పక్కకు కొట్టదు. అదే ఫైనల్‌కు ముందు బింద్రా వేసిన సైటింగ్ షాట్ పదికి చాలా దూరంగా, నాలుగు దగ్గర పడింది. సైట్ అమరిక చెదిరి ఉంది. ఎన్ని క్లిక్కులు ఎటు తిప్పాలో ఆ కొద్ది నిమిషాల్లో తేల్చుకుని సరిచేసుకున్నాడు కాబట్టి పోటీ దక్కింది. ఆ విద్యను ఏ కంపెనీ డబ్బాలో పెట్టి పంపదు.

రెండు: ఛాంపియన్లు వాడేది అదే కదా అన్న మాట

ఛాంపియన్ల చేతిలో ఖరీదైన రైఫిళ్లుంటాయి, నిజమే. కానీ వాటితో వాళ్లు ఛాంపియన్లయ్యారా, ఛాంపియన్లయ్యాక అవి చేతికొచ్చాయా? ఫొటోలో కనిపించేది ప్రయాణపు చివరి మజిలీ మాత్రమే. తొలి ఏళ్లలో క్లబ్బు రైఫిల్‌తోనో అరువు రైఫిల్‌తోనో కొట్టిన రోజులను ఎవరూ ఫొటో తీసి పెట్టలేదు. అదే ఖరీదైన రైఫిల్ కొని రెండేళ్లకు ఆట మానేసిన పిల్లలైతే ఏ పత్రికలోనూ కనిపించరు. గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి గెలుపుకు కారణం తేల్చడం తర్కం కాదు. పైగా జాతీయ జట్టు స్థాయి షూటర్లలో చాలామందికి పరికరాల ఖర్చు సొంత జేబులోంచి పోదు. కేంద్ర ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన టార్గెట్ ఒలింపిక్ పోడియం పథకం, ఉద్యోగమిచ్చిన సంస్థలు, స్పాన్సర్లు ఆ భారం మోస్తారు. వాళ్ల ఎంపికను చూసి ఇంటి అప్పుతో అనుకరించడంలో పొంతన లేదు.

ఇంకో సంగతి. పతకాలు ఏ ఒక్క కంపెనీ రైఫిల్ దగ్గరా పోగుపడలేదు. జర్మన్ కంపెనీలు మూడు, ఆస్ట్రియా స్టెయర్, ఇటలీ పార్దీనీ, అన్నీ ప్రపంచ స్థాయి పోటీల్లో కనిపిస్తాయి. రైఫిలే పతకం తెచ్చేదైతే ఈపాటికి అందరూ ఒకే దుకాణం ముందు వరుస కట్టేవారు.

చరిత్ర చూసినా అంతే. ఎయిర్ రైఫిల్ ఒలింపిక్స్‌లో ప్రవేశించింది 1984 లాస్ ఏంజెలిస్‌లో. పురుషుల విభాగంలో ఫ్రాన్స్‌కు చెందిన ఫిలిప్ ఎబెర్లే 600కు 589 కొట్టి గెలిచాడు. సిలిండర్‌లో గాలి నింపుకునే నేటి పీసీపీ రైఫిళ్లు అప్పటికి పోటీ గీత మీదికి రాలేదు. ప్రతి షాట్‌కూ చేత్తో లీవరు లాగి సిద్ధం చేసుకునే కాలం. అప్పటి పూర్ణాంకాల లెక్కలో 589 అంటే సగటు 9.8. నేడు పై తరగతి రైఫిల్ పట్టుకుని మొదటి రాష్ట్ర పోటీకి వచ్చే కుర్రాళ్లలో ఎంతమంది ఆ సగటుకు దగ్గరికి వస్తున్నారో స్కోరు పట్టికలు తిరగేస్తే తెలుస్తుంది. నలభై ఏళ్ల నాటి యంత్రం అడ్డు రానిచోట కొత్త మోడల్ లేకపోవడం అడ్డొచ్చిందనడం ఆడలేక మద్దెల ఓడనడమే.

మూడు: జరుపుకోవచ్చు కనుక ఎదిగినా సరిపోతుందన్న మాట

అన్ని వాదనల్లోకీ నమ్మించేది ఇదే. అందుకే ఎక్కువ హాని చేసేదీ ఇదే.

నిలబడి కొట్టేటప్పుడు రైఫిల్‌ను మోయాల్సింది కండరాలు కాదు, ఎముకలు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక పైన ఆనాలి, ముంజెయ్యి నిలువు స్తంభంలా రైఫిల్ కింద నిలవాలి, బట్ ప్లేట్ భుజం గుంటలో ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి, చెంప చీక్ పీస్ మీద వాలినప్పుడు మెడ వంచకుండానే కన్ను వెనక సైట్ రంధ్రానికి ఎదురుగా రావాలి. వీటిలో ఏది కుదరకపోయినా ఆ లోటును కండరం పూడుస్తుంది. కండరం అలిసిపోతుంది, వణుకుతుంది. డెబ్బై ఐదు నిమిషాల పోటీలో నలభయ్యో షాట్ తర్వాత స్కోరు జారిపోవడానికి తరచూ కారణం ఇదే. కాబట్టి తొలి రైఫిల్‌కు మొదటి పరీక్ష ధర కాదు, కంపెనీ కాదు, ఒంటికి కుదరడం.

అల్యూమినియం స్టాక్ రైఫిల్‌లో కుదుర్చుకునే వీలు ఎక్కువని వాదించేవారు రెండు సంగతులు వదిలేస్తారు. మొదటిది బరువు. నిబంధనల ప్రకారం రైఫిల్ 5.5 కిలోల వరకు ఉండొచ్చు. పెద్దల మోడళ్లు హంగులన్నీ తగిలిస్తే ఆ పరిమితి దగ్గరికే వెళతాయి. బట్ ప్లేట్‌ను ముందుకు జరిపితే పొడవు తగ్గుతుంది కానీ బరువు తగ్గదు. ముప్పై అయిదు కిలోల పిల్ల ఆ బరువును తట్టుకోవాలంటే నడుము అతిగా వెనక్కి వంచాలి. రోజుకు రెండు గంటలు అలా నిలబెట్టడం ఎదిగే వెన్నెముకకు మంచిది కాదన్నది సరే. అలా అలవాటైన భంగిమను రెండేళ్ల తర్వాత మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం. జూనియర్ మోడళ్లు తేలిగ్గా, పొట్టిగా ఉండటం కంపెనీల పిసినారితనం కాదు. అవి ఆ ఒళ్లకు కొలిచి చేసినవి.

రెండోది, మరలు. పెద్ద రైఫిల్‌లో జరిపే చోట్లు అనేకం: చీక్ పీస్ ఎత్తు, పక్కవాటు, బట్ ప్లేట్ ఎత్తు, వాలు, కొక్కెం, పిస్టల్ గ్రిప్ కోణం, ట్రిగ్గర్ దూరం, బరువు, చేతి ఆనిక, బ్యారెల్ మీది తూనికలు. అనుభవం ఉన్న షూటర్‌కు ఇదొక వరం. కొత్తవారికి మాత్రం ఇదో ఊబి. ఈరోజు స్కోరు పడిపోయిందని చీక్ పీస్ రెండు మిల్లీమీటర్లు లేపుతారు. రేపు బట్ ప్లేట్ తిప్పుతారు. ఎల్లుండి రెండూ వెనక్కి. నెల తిరిగేసరికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో షూటర్‌కూ తెలియదు, కోచ్‌కూ తెలియదు. తొలి ఏడాది జరిపే చోట్లు నాలుగైదు ఉంటే చాలు. తక్కువ ఉండటం ఇక్కడ మేలే చేస్తుంది.

కొనే తొందరలో కొట్టుకుపోయే ఇంకో విషయం కన్ను. కుడిచేతి వాటం ఉన్నవారిలో కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. వారు ఎడమ భుజం మీద కొట్టాలా, కుడి భుజం మీదే ఉంచి ఎడమ కంటికి అడ్డుపట్టీ పెట్టాలా అన్నది కొన్ని వారాల పాటు కొట్టి చూస్తేగానీ తేలదు. ఎడమచేతి రైఫిల్ గ్రిప్, చీక్ పీస్ వేరు. తర్వాత మార్చుకోవడం తేలిక కాదు. అసలు ఆ పిల్లకు రైఫిల్ నప్పుతుందా పిస్టల్ నప్పుతుందా అన్నది కూడా అప్పటికి తేలి ఉండదు. మొదటి నెలలోనే లక్షల సరుకు ఇంటికి తెచ్చుకుంటే ఈ ప్రశ్నలు ఇక ఎవరూ అడగరు. కొన్నదాన్ని బట్టి ఒంటిని వంచడం మొదలవుతుంది.

నాలుగు: రెండుసార్లు కొనడం దండగన్న మాట

ఇందులో దాగిన ఊహ ఏమిటంటే, ఖరీదైనది కొంటే ఒకేసారి కొన్నట్టని. అలా జరగదు. పీసీపీ రైఫిల్ సిలిండర్‌కు గడువు తేదీ ఉంటుంది, గరిష్ఠంగా పదేళ్లు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి దిగడానికి అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవు. తేదీ చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. రబ్బరు రింగులు, రెగ్యులేటర్ సర్వీసు మధ్యలో వస్తూనే ఉంటాయి. పన్నెండేళ్లకు కొన్న పెద్దల రైఫిల్‌ను ఆ పిల్ల పూర్తిగా వాడుకోగల వయసుకు వచ్చేసరికి దాని ఆయుష్షు సగం కరిగి ఉంటుంది, మార్కెట్లోకి కొత్త మోడల్ వచ్చి ఉంటుంది. అప్పుడు రెండోది కొనడం తప్పలేదన్నది ఎలాగూ తేలే నిజం. మొదటిదానికి ఎక్కువ పోశారన్నదే మిగిలే తేడా.

రైఫిల్ ఒక్కటే ఖర్చు అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. రోజుకు ఎనభై పెల్లెట్ల చొప్పున వారానికి అయిదు రోజులు కొడితే ఏడాదికి ఇరవై వేల పెల్లెట్లు, అంటే అయిదు వందల పెల్లెట్లుండే డబ్బాలు నలభై. మ్యాచ్ పెల్లెట్ల తల కొలతలు 4.48, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లని వేర్వేరుగా వస్తాయి. ఏ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో కొట్టి చూసి ఎంచుకోవాలి. జాకెట్, ట్రౌజర్, బూట్లు, గ్లవ్ కావాలి. జాకెట్ మందం ఒక పొరలో 2.5 మిల్లీమీటర్లు మించకూడదు, బిరుసుతనాన్నీ పరికరంతో కొలుస్తారు. ఒంటికి సరిగ్గా పట్టినప్పుడే అది వెన్నుకు ఊతమిస్తుంది. ఎదుగుతారులే అని వదులుగా కుట్టించిన జాకెట్ ఉన్నా లేనట్టే. ఇవన్నీ పోను రేంజ్ రుసుము, కోచ్, పోటీలకు ప్రయాణాలు. చేతిలోని సొమ్మంతా రైఫిల్‌కే పోసిన ఇంట్లో తర్వాత కోత పడేది ఎక్కడో చెప్పనక్కర్లేదు: పెల్లెట్లు చౌక రకానికి దిగుతాయి, జాకెట్ రెండేళ్లు ఆలస్యమవుతుంది, సాధన మూడు రోజులకు కుదించుకుపోతుంది. ఒలింపిక్ రైఫిల్‌లో నాసిరకం పెల్లెట్ పెట్టి కొట్టే దృశ్యం మన రేంజ్‌లలో అరుదేమీ కాదు.

డబ్బుకు మించిన నష్టం ఇంకొకటుంది. పొలం అమ్మో, బంగారం కుదువబెట్టో కొన్న రైఫిల్ పిల్లల భుజం మీద కనిపించే బరువు మాత్రమే మోపదు. ప్రతి సాయంత్రం ఎంత కొట్టావన్న ప్రశ్నలో ఆ అప్పు వినిపిస్తుంది. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందన్న ఆశ దానికి తోడైతే ఆట కాస్తా మరో ఎంట్రన్స్ కోచింగ్ అవుతుంది. షూటింగ్‌లో గుండె నిదానంగా కొట్టుకోవాలి, షాట్ బాగా లేదనిపిస్తే రైఫిల్ దించేసే ధైర్యముండాలి. లక్షల లెక్క తలలో తిరుగుతున్న పిల్లవాడు రైఫిల్ దించడు. తప్పని తెలిసినా ట్రిగ్గర్ లాగేస్తాడు. ఆట నచ్చలేదని చెప్పడం మరీ అసాధ్యం. పద్నాలుగేళ్లకు మానేయాల్సిన ఆటను పద్దెనిమిది దాకా ఈడ్చిన పిల్లలు ఉన్నారంటే, వాళ్ల కాళ్లకు సంకెల వేసింది చాలా సందర్భాల్లో ఈ మొదటి కొనుగోలే.

మంచి ధరకు అమ్ముకోవచ్చన్న ఓదార్పు కూడా తలకిందులుగానే పనిచేస్తుంది. కొత్త రైఫిల్ పెట్టె విప్పిన క్షణమే మొదటి పెద్ద తరుగు పడుతుంది. ఆ తరుగు ఇంకొకరు భరించాక కొన్న పాత మ్యాచ్ రైఫిల్‌ను రెండేళ్లు జాగ్రత్తగా వాడి అమ్మితే పోయేది స్వల్పం. అమ్మకపు విలువ మీద అంత నమ్మకమున్నవారు పాతది కొనమని చెప్పాలి, కొత్తది కొనమని కాదు.

అయిదు: పాతది కొంటే మోసపోతారన్న మాట

ఎయిర్ రైఫిల్ బ్యారెల్ గుండా పోయేది మెత్తని సీసం; వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. నిప్పు లేదు, మందు లేదు. అందుకే లక్ష పెల్లెట్లు తిన్న బ్యారెల్ కూడా పోటీకి పనికొస్తుంది. అరిగేవి రబ్బరు, రెగ్యులేటర్, సిలిండర్ గడువు, మూడూ మార్చుకోదగినవే. కొనేముందు చూడాల్సినవి ఎక్కువేం కావు. సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడాలి. రాత్రంతా ఉంచి పొద్దున గాలి పీడనం తగ్గిందేమో చూడాలి. వేగం కొలిచే పరికరం మీద పదిహేను ఇరవై షాట్లు కొట్టి అంకెలు దగ్గర దగ్గరగా వస్తున్నాయో లేదో గమనించాలి. పెరుగుతూనో తరుగుతూనో పోతే రెగ్యులేటర్‌కు పని ఉన్నట్టు. బల్ల మీద ఆనించి అయిదేసి షాట్ల గుంపులు కొట్టాలి. వెనక సైట్‌ను పది క్లిక్కులు ఒకవైపు, పది తిరిగి వెనక్కి తిప్పితే గుంపు మొదటి చోటికే రావాలి. సీరియల్ నంబరుతో బిల్లు ఉండాలి. ఇవన్నీ రేంజ్‌లో ఒక పూట పని. తెలియనివారు మోసపోతారన్నది నిజమే, కానీ తెలియనివారు కొత్తదాంట్లోనూ మోసపోతారు, ఎక్కువ సొమ్ముకు.

మోడల్ ఎంపికలో ఒక్క సూత్రం సరిపోతుంది: ఆ రేంజ్‌లో ఇంకా నలుగురు వాడుతున్నదై ఉండాలి. విదేశీ విడిభాగం కోసం నెలలు ఎదురుచూడాల్సిన దేశంలో, పక్క లేన్‌లో ఒక రబ్బరు రింగు దొరకడం పెద్ద సౌకర్యం.

ఆరు: అయితే ఏ తుపాకీ అయినా ఒకటేనా అన్న ఎదురు ప్రశ్న

కాదు. ఈ సలహాను సమర్థించేవారు చివరికి పట్టుకునే ఆసరా ఇది: ఖరీదైనది వద్దంటే నాటు తుపాకీ కొనమన్నట్టేనని. మామూలు స్ప్రింగ్ ఎయిర్ గన్‌లో పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ అదురుతుంది. పట్టు కాస్త మారితే పెల్లెట్ పడే చోటు మారుతుంది. అలాంటి దానితో కొత్తవారికి తన తప్పేదో తుపాకీ తప్పేదో విడదీయడం కుదరదు. స్కూల్ గేమ్స్‌లో, జాతీయ నిబంధనల కింద జరిగే విభాగాల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ పోటీలున్నాయి. వాటికి దేశవాళీ తుపాకులు సరిపోతాయి, చాలామంది తొలి అడుగు అక్కడే పడుతుంది. రంధ్రం గుండా గురి చూసే పీప్ సైట్‌తో ఒలింపిక్ పద్ధతి పోటీలకు మాత్రం మ్యాచ్ రైఫిలే కావాలి.

అయితే మ్యాచ్ రైఫిల్‌కూ పై తరగతి మ్యాచ్ రైఫిల్‌కూ మధ్య చాలా దూరం ఉంది. షూటర్ చేసిన తప్పు లక్ష్యం మీద ఉన్నదున్నట్టు కనిపించేంత నిజాయతీ రైఫిల్‌కు ఉండాలి. ఆ గడప దాటినవి చాలానే ఉన్నాయి: జర్మన్ కంపెనీలే చేసే జూనియర్, క్లబ్ మోడళ్లు, చెక్క స్టాక్ పాత మోడళ్లు, మంచి స్థితిలో ఉంటే చేతి లీవరుతో గాలి నింపే పాత రైఫిళ్లు కూడా. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన చేసుకునే వీలు వీటిలో చాలావాటికి ఉంది. తొలి ఏడాది సగం సాధన ఇంట్లో గోడ ముందు అలా జరగాల్సిందే కాబట్టి ఈ ఒక్క సౌకర్యం అల్యూమినియం హంగులన్నిటికన్నా విలువైనది. చట్టం వైపు నుంచి కూడా ఇబ్బంది లేదు: 4.5 మిల్లీమీటర్ల బోరు, ఇరవై జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి ఏడున్నర జూళ్ల చుట్టూనే. యాభై మీటర్ల పాయింట్ టూటూ రైఫిల్‌కు లైసెన్సు కావాలి. ఆ ఆలోచన తర్వాతది.

కాబట్టి క్రమం ఇలా ఉండాలి. మొదటి మూడు నాలుగు నెలలు క్లబ్బు లేదా అకాడమీ రైఫిల్. ఆ లోపు కన్ను, భుజం, విభాగం తేలతాయి. ఆట మీద ఇష్టం ఉందో లేదో బయటపడుతుంది. మొదటి సొంత ఖర్చు బూట్లు, గ్లవ్, ఒంటికి కొలిచిన జాకెట్. తర్వాత పాత మ్యాచ్ రైఫిలో, కొత్త జూనియర్ మోడలో, కోచ్ ఎదుట భుజానికి ఎత్తి చూశాకే. రైఫిల్ ధర మొత్తం బడ్జెట్‌లో సగం దాటుతోందంటే ఎంపిక తప్పినట్టే.

పై తరగతి రైఫిల్ కొనే రోజు వస్తుంది, దాని గుర్తులు వేరు. సాధనలో కాదు, పోటీల్లో 615 పైన వరసగా నిలబడాలి; ఎత్తు పెరగడం ఆగాలి; ప్రస్తుత రైఫిల్‌తో బల్ల మీద కొట్టిన గుంపుకూ నిలబడి కొట్టిన గుంపుకూ తేడా బాగా తగ్గిపోయి, ఇక మిగిలిన తప్పులో యంత్రం వాటా కొలవగలిగేంత ఉండాలి. అప్పుడు రెండు మూడు కంపెనీల రైఫిళ్లను రేంజ్‌లో భుజానికి ఎత్తి చూసి, వాటి బ్యారెళ్లలో పెల్లెట్ లాట్లు పరీక్షించి ఎంచుకోవచ్చు. కొత్తది వచ్చాక కూడా అది భుజానికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది కనుక సీజన్ మొదట్లో మార్చాలి. రాష్ట్ర పోటీలకో, మావలంకర్ షూటింగ్ పోటీలకో నెల ముందు కాదు.